స్లిప్పు చేతికి వచ్చాక

(సైనిక నియామకాలకు సిద్ధమవుతున్న యువతీయువకులతో తిరుపతిలో ఒక విశ్రాంత సైనిక వైద్య సహాయకుడు మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు కూడా కూర్చోండి. మీలో సగం మంది తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తారకరామ మైదానంలో పరుగు తీసి వచ్చినవాళ్లే. నిద్ర వస్తే నిద్రపోండి, నేను ఏమీ అనుకోను. ఎవరైనా గురక పెడితే మాత్రం పక్కవాడు లేపి, ముక్కు దూలం వంకరగా ఉందేమో చూపించుకొమ్మని చెప్పండి. అది కూడా ఇవాళ్టి విషయమే.

వరండాలో నీళ్ల బకెట్టు ఎందుకు పెట్టారని ఇందాకటి నుంచి అడుగుతున్నారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

దేశభక్తి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఎముకలు కొరికే చలిలో మూడేళ్లుగా పరుగు తీస్తున్నవాళ్లకు దేశభక్తి గురించి నేను చెప్పేది ఏముంది? ఆ గోడ మీద లాన్స్ నాయక్ సాయితేజ ఫొటో పెట్టారు. ఎగువరేగడ పిల్లవాడు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు జనరల్ బిపిన్ రావత్‌తో పాటు పోయాడు. జిల్లాల విభజనలో ఆ ఊరు ఎటు వెళ్లినా మనకు అతను చిత్తూరువాడే. ఆ యూనిఫాం ఒంటి మీదికి రాకముందు అతను కూడా బనియను విప్పి, వైద్య పరీక్ష బల్ల ముందు నిలబడి, దగ్గమంటే దగ్గి, చేతులు చాపమంటే చాపి ఉంటాడు. సైన్యంలోకి వెళ్లేవాడు ఎవడైనా ఆ బల్ల దాటే వెళ్లాలి. నేను మాట్లాడబోయేది ఆ బల్ల గురించి, ఒంట్లో లోపం ఉందని రాసి అక్కడ ఇచ్చే స్లిప్పు గురించి.

ఆ బల్లకు రెండు వైపులా నిలబడినవాణ్ని నేను. ముందు అటువైపు సంగతి చెబుతాను.

నా రోజుల్లో రాత పరీక్ష తర్వాత ఉండేది, ముందు మైదానం. ఇప్పుడు 2023 నుంచి తిరగేశారు: ముందు కంప్యూటర్ మీద పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ. సరే, నేను పరుగులో మూడోవాడిగా వచ్చాను. ఛాతీ కొలిచారు, అయిదు సెంటీమీటర్లు పొంగింది. మా పల్లె నుంచి వెళ్లిన పదకొండు మందిలో చివరిదాకా మిగిలింది నేనొక్కడినే. వైద్యుడు చెవిలో లైటు పెట్టి చూశాడు, రెండో చెవిలో చూశాడు, పక్కవాడితో ఏదో అన్నాడు, ఒక కాగితం రాసి చేతిలో పెట్టాడు. దాని మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఏమిటని అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పే తీరిక ఆయనకు లేదు.

ఇంటికి వచ్చాక మా నాయన ఆ కాగితాన్ని ఊళ్లో చదువుకున్నాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, ‘అబ్బాయికి చెవుడు’ అన్నాడు. మా అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నాకు చెవుడా? వేరుశనగ చేలో అటు చివర ఉడత కదిలితే వినేవాణ్ని! అయినా కాగితంలో ఉందంటే ఉన్నట్టే కదా అని నాకే అనుమానం పట్టుకుంది. రాత్రిపూట చెవి దగ్గర వేళ్లు రుద్దుకుని చప్పుడు వినిపిస్తోందా లేదా అని చూసుకునేవాణ్ని. మా అమ్మ నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి రోజూ చెవుల్లో పోసింది. దాంతో నిజంగానే వినిపించడం తగ్గింది.

అది గులిమి. మన వైపు గుబిలి అని కూడా అంటారు. రెండు చెవుల్లో గట్టిపడిన గులిమి అడ్డుపడి కర్ణభేరి కనిపించలేదు. కర్ణభేరి కనిపించకపోతే దానికి చిల్లు ఉందో లేదో వైద్యుడు ఎలా చెబుతాడు? శుభ్రం చేయించుకుని రమ్మని రాశాడు. అంతే. మా అమ్మ పోసిన నూనెతో అది ఉబ్బి చెవిని పూర్తిగా మూసేసింది. ఎనిమిదో రోజున ఎవరో చెబితే చిత్తూరు వెళ్లాం. అక్కడ గోరువెచ్చటి నీళ్లు పట్టి, పది నిమిషాల్లో, చింతగింజంత ముద్దను కంచు పళ్లెంలోకి రప్పించారు. ఖర్చు మా బస్సు చార్జీలకన్నా తక్కువ. గడువుకు ఒక్క రోజు ముందు తిరిగి హాజరయ్యాను. ఇరవైనాలుగేళ్లు నౌకరీ చేశాను.

ఆ ఎనిమిది రోజుల్లో మా ఇంట్లో అందరం ఏదో ఒకటి చేశాం. ఏడ్చాం, మొక్కుకున్నాం, నూనె పోశాం, తిట్టుకున్నాం. ఆ కాగితం రాసింది ఒక వైద్యుడైనప్పుడు, దాన్ని చదివించుకోవడానికి ఇంకో వైద్యుడి దగ్గరికి వెళ్లాలని మాత్రం ఎవరికీ తోచలేదు. బల్లకు ఇటువైపు వచ్చి, చేతిలో టార్చి పట్టుకుని నిలబడ్డాక కూడా నేను చూసింది అదే. కాలం మారింది, ఫోన్లు వచ్చాయి. నువ్వుల నూనెకు బదులు వీడియోలు వచ్చాయి.

ఇప్పుడు లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. మైదానంలో వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అని తేలినవాళ్లను సైనిక ఆసుపత్రిలో నిపుణుడి రివ్యూకు పంపుతారు. ఏ ఆసుపత్రో స్లిప్పు మీదే రాస్తారు. జవాన్లను తీసుకునే అగ్నివీర్ నోటిఫికేషన్ల ప్రకారం చెప్పిన అయిదు రోజుల్లోగా అక్కడ హాజరు కావాలి. హాజరయ్యాక పద్నాలుగు రోజుల్లో పరీక్ష ముగించాలి. ఆ నిపుణుడు కూడా కాదంటే ఆ నియామకానికి అంతే, మళ్లీ పరీక్ష ఉండదు. నోటిఫికేషన్ ఏటా మారుతుంది కాబట్టి నా మాట కాదు, మీరు దరఖాస్తు చేసిన ఏడాది కాగితాన్నే చదవండి. మనది గుంటూరు నియామక కార్యాలయం పరిధి. అనుమానం ఉంటే అక్కడ అడగండి, టీ అంగడి దగ్గర కాదు.

అధికారులుగా వెళ్లేవాళ్లకు దారి వేరు. ఎస్ఎస్‌బీ అనే ఎంపిక మండలి ఇంటర్వ్యూ అయ్యాక ప్రత్యేక వైద్య మండలి చూస్తుంది. కాదంటే అప్పీలు మండలికి వెళ్లవచ్చు, దానికి 42 రోజుల గడువు. అదీ కాదంటే రివ్యూ మండలిని కోరవచ్చు గానీ, అది ఇవ్వడమా మానడమా అన్నది పైవాళ్ల విచక్షణ, మన హక్కు కాదు. మీలో డిగ్రీ చదివేవాళ్లు ఇది రాసుకోండి.

పోయినసారి ఇలాగే మాట్లాడుతుంటే ఒక పెద్దాయన లేచి, ‘మా తమ్ముడి కొడుకు అమెరికాలో సైన్యంలో చేరబోతే ఉబ్బసం ఉందని ఆపారు, ఆరు నెలలు ఆగితే మినహాయింపు ఇచ్చారు, మన దగ్గర ఎందుకు ఇవ్వరు?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ దాన్ని వేవర్ అంటారు. పదమూడో పుట్టినరోజు దాటాక ఉబ్బసం ఉన్నట్టు నమోదైతే వాళ్ల నిబంధన ప్రకారం అనర్హతే. అయితే పాత వైద్య కాగితాలు, కొత్త పరీక్షలు అన్నీ జతచేసి ఫైలు పైకి పంపితే, ఇతణ్ని తీసుకోవడం మా దళానికి సమ్మతమేనా అని అక్కడి వైద్యాధికారులు చూసి చెబుతారు. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. ఫైలు ఎక్కడుందో తెలియక ఆ పిల్లలు పడే యాతన వాళ్లది. మన జవాను నియామకంలో రివ్యూ అంటే అది కాదు. లోపం ఉన్నా ఫరవాలేదని అక్కడ ఎవరూ క్షమించరు. మొదటి వైద్యుడు చూసింది నిజమా కాదా, అది ఇప్పటికి సరిపోయిందా లేదా అని రెండో వైద్యుడు చూస్తాడు. ఈ రెంటినీ కలిపేసుకుని, ఎవరో కనికరించి సంతకం పెడతారని మన ఇళ్లలో ఎదురుచూస్తారు. ఆ ఆశ మీదే దళారి బతుకుతాడు.

దళారి గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. బస్టాండులో దొరుకుతాడు, మాజీ సైనికుణ్నని చెబుతాడు, రెండు లక్షలు అడుగుతాడు, పని కాకపోతే తిరిగి ఇస్తానంటాడు. పదిమంది దగ్గర తీసుకుంటాడు. వాళ్లలో నలుగురు తమంతట తామే పాసవుతారు. ఆ నలుగురి డబ్బు ఉంచుకుని మిగిలిన ఆరుగురికి నిజంగానే తిరిగి ఇచ్చేస్తాడు, నిజాయితీపరుడని పేరు తెచ్చుకుంటాడు. లెక్క అర్థమైందా? నవ్వకండి, మీ మేనమామల్లో ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు.

ఇంకో ప్రశ్న ప్రతిసారీ వస్తుంది: ‘సుబేదారు గారు కళ్లజోడు పెట్టుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని ఉద్యోగం చేస్తున్నారు కదా, నన్ను ఎందుకు కాదన్నారు?’ సైన్యంలో ఆరోగ్యాన్ని అయిదు అక్షరాల్లో కొలుస్తారు. ఎస్, హెచ్, ఏ, పీ, ఈ. కలిపి షేప్ అంటాం. మనసు, వినికిడి, కాళ్లూచేతులు, ఒంటి సత్తువ, కంటిచూపు. లోపలికి వచ్చేవాడికి అయిదింటిలోనూ ఒకటో తరగతి ఉండాలి. లోపలికి వచ్చాక కొండ మీద కాలు విరిగినా, ఫిరంగి మోతకు చెవి దెబ్బతిన్నా తరగతి దించి, తగిన పనిలో పెట్టి ఉంచుకుంటారు. ఆ సుబేదారు గారి మోకాలు సైన్యం పనిలో అరిగింది. నీది పరుగు మొదలుకాకముందే అరిగి ఉంటే ఆ బరువు ఎవరు మోస్తారు?

ఇక అసలు సంగతికి వస్తాను. పద్నాలుగు రోజుల్లో ఏది బాగవుతుంది? గులిమి బాగవుతుంది. పంటి గార పోతుంది. జ్వరం తగ్గుతుంది. భయంతో పెరిగిన రక్తపోటు దిగుతుంది. ఇక్కడ ఒకటి చెప్పాలి. పరుగుకు ముందు డబ్బాలో దొరికే ఆ తీపి మందు తాగి, తెల్లవారేదాకా మేలుకుని, ఎండలో వరసలో నిలబడి వస్తారు, నాడి పట్టుకుంటే గుర్రం డెక్కల్లా కొట్టుకుంటుంది. ఇంజెక్షన్ వేయించుకుని వచ్చినవాళ్లనూ చూశాను. పరుగులో పదిసెకన్లు మిగిలించుకుని బల్ల దగ్గర ఉద్యోగం పోగొట్టుకుంటారు.

వరిబీజం పద్నాలుగు రోజుల్లో బాగవదు. మొలలు బాగవవు. ముక్కు దూలం ఆపరేషను చేయించుకున్నా పుండు మానడానికి సమయం కావాలి. వీటిలో చాలావాటికి ఆపరేషను ఉంది, ఆ తర్వాత తీసుకుంటారు కూడా. కానీ స్లిప్పు వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు. ఏడాది ముందే చూపించుకుని ఉంటే అదొక విషయమే కాదు. చూపించుకోరు. ఎందుకంటే సిగ్గు. మూడేళ్లు పరుగు తీసిన పిల్లవాడికి, తన ఒంట్లో ఒకవైపు బరువుగా ఉందని మూడేళ్లుగా తెలుసు. ఇంట్లో చెప్పడు, స్నేహితుడికి చెప్పడు, మొదటిసారి ఆ మాట మైదానంలో ముప్ఫైమంది వరసలో ఉండగా మిలటరీ వైద్యుడి నోట వింటాడు.

అలా విన్నవాడొకడు నాకు తెలుసు. వరిబీజమని స్లిప్పు ఇచ్చారు. మరునాడే అప్పుచేసి ఆపరేషను చేయించుకున్నాడు. తొమ్మిదో రోజున వాళ్ల అమ్మ మొక్కు గుర్తుచేసింది. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే అలిపిరి నుంచి నడక మొదలుపెట్టాడు. 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కాడు. పైకి చేరేసరికి పంచె తడిసింది, చెమట అనుకున్నాడట. నేను చూసేసరికి కుట్లు రెండు విడిపోయి చీము పట్టింది. స్వామివారు ఏడాది తర్వాత మొక్కు తీర్చినా ఏమీ అనేవారు కాదు, అమ్మా. ఇక్కడ తల్లులు కూర్చున్నారు కాబట్టి చెబుతున్నాను, మొక్కుకోండి. ఎక్కేది మాత్రం కుట్లు మానాక, వైద్యుడు సరేనన్నాక.

పళ్ల సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. సైన్యంలో పళ్లకు మార్కులు ఉన్నాయి. పైపన్ను, కిందిపన్ను ఎదురెదురుగా ఉండి కలిసి నమిలేలా ఉంటేనే లెక్క. ముందుపళ్లకు, కోరపళ్లకు, చిన్న దవడపళ్లకు ఒక్కొక్క పాయింటు. పెద్ద దవడపళ్లకు రెండేసి. అన్నీ చక్కగా ఉంటే 22. కనీసం 14 ఉండాలి. పుచ్చిపోయిన దవడపన్ను పీకించుకుంటే దాని జతపన్ను కూడా లెక్కలోంచి పోయినట్టే. కాబట్టి పీకించుకునే ముందు నింపడానికి వీలుందేమో అడగండి. ఇక్కడి రుయా ఆసుపత్రిలో చూపించుకోండి, చిత్తూరువాళ్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. అమ్మాయిలు రక్తహీనత పరీక్ష తప్పకుండా చేయించుకోండి. మిలటరీ పోలీసులో చేరతామని వచ్చి, పొద్దున టిఫిను మానేసి పరుగు తీసే పిల్లలు నాకు ఎంతమంది తెలుసో.

ఇక బాగుకానివి ఉన్నాయి. ఇది చెప్పడం నాకు కష్టం. రంగులు తెలియకపోవడం అందులో ఒకటి. చుక్కల మధ్య అంకె దాగి ఉన్న పుస్తకం చూపిస్తారు. అది జపాను వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించినది. ఆయన కూడా సైన్యం కోసమే దాన్ని తయారుచేశాడు. ఆ పేజీలను ఫోనులో చూసి వరసగా బట్టీ పట్టి వస్తారు. మేము పుస్తకాన్ని మధ్యలో తెరిచేవాళ్లం.

మదనపల్లె వైపు పిల్లవాడు. టమోటా రైతు కొడుకు. చదువులో, పరుగులో, బీమ్ పట్టుకుని పైకి లేవడంలో, అన్నిటిలో ముందు. పుస్తకం ముందు ఆగిపోయాడు. స్లిప్పు తీసుకుని రివ్యూకు వెళ్లాడు, వాళ్లూ అదే చూశారు. మధ్యలో ఉన్న పదకొండు రోజులు ఆ ఇంట్లో క్యారెట్లు, మునగాకు, కంట్లో తేనెచుక్కలు, ఎవరో ఇచ్చిన ఆకుపసరు. నా దగ్గరికి తండ్రీకొడుకులు వచ్చింది అంతా అయిపోయాక. కాగితం చూసి, ఇది పుట్టుకతో వచ్చేది, ఎక్కువగా మగపిల్లలకు తల్లివైపు నుంచి వస్తుంది, మేనమామకు ఉంటే మేనల్లుడికి ఉండే అవకాశం ఉంటుంది అని చెబుతున్నాను. ఆయన వినడం లేదు. బల్ల మీద మా ఇంట్లో కూరకు తెచ్చిన టమోటాలు ఉన్నాయి. పండువి, దోరవి, పచ్చివి కలిసి ఉన్నాయి. వాటిని లాగి కొడుకు ముందు పెట్టి, ‘పండువి ఏరు’ అన్నాడు. పిల్లవాడు ఒక్కొక్కటీ తీసుకుని వేలితో నొక్కి చూస్తున్నాడు. మెత్తగా ఉన్నది ఇటు, గట్టిగా ఉన్నది అటు. చూపుతో కాదు, వేలితో ఏరుతున్నాడు. మార్కెట్టుకు పంపే పెట్టెల్లో పచ్చికాయలు కలిపేస్తున్నాడని చిన్నప్పటి నుంచీ ఆయన కొట్టేవాడట. అప్పుడు మాత్రం కొడుకు వైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ‘ఇన్నాళ్లూ వీడు వేలితోనే ఏరాడా సార్’ అన్నాడు.

ఆ పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు. పదో తరగతిలో ఉన్నప్పుడే ఎవరైనా కంటి వైద్యుడి దగ్గర ఆ పుస్తకం ఒక్కసారి చూపించి ఉంటే, మూడేళ్ల పరుగు మిగిలేది. పరుగు వృథా అని నేను అనను, పరుగు ఎవరికీ చెడు చేయదు. కానీ ఆ పదకొండు రోజులు ఆ ఇంట్లో ఎదురుచూసిన ఎదురుచూపు ఉంది చూశారా, అది మాత్రం ఎవరికీ రాకూడదు.

వయసు సంగతి కూడా మరిచిపోకండి. 2022లో అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు అన్నారు, ఆ ఒక్క ఏడాదికి 23 దాకా సడలించారు. అలాంటి సడలింపు మళ్లీ వస్తుందని లెక్క వేసుకుని ఆపరేషను వాయిదా వేసేవాళ్లు ఉన్నారు. పచ్చబొట్టు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. అది ఎక్కడ ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. సూది గుచ్చించుకునే ముందు చదవండి, తర్వాత కాదు. ఇక్కడ కనీసం ఇద్దరు చొక్కా చేయి కిందికి లాక్కుంటున్నారు, చూస్తున్నాను.

సరే, బకెట్టు. చదునుపాదం ఉందేమోనని సగం మందికి భయం. స్లిప్పు మీద ఆ మాట చూసి పాదం కింద సీసా దొర్లించుకుంటూ కూర్చునేవాళ్లు నాకు తెలుసు. ముందు భయపడాలో వద్దో చూద్దాం. తడికాలితో గచ్చు మీద నిలబడి పక్కకు జరగండి. లోపలివైపు వంపు దగ్గర పొడిగా మిగిలితే చింతలేదు. పాదమంతా అచ్చుపడితే అప్పుడు మునివేళ్ల మీద లేవమంటాను. లేచినప్పుడు వంపు మళ్లీ కనిపించి, పాదం మెత్తగా కదులుతుంటే అది బిగుసుకున్న చదునుపాదం కాదు, అలాంటిదాన్ని వైద్యులు ఒప్పుకునే వీలుంది. లేచినా వంపు రాకపోతే ఎముకల వైద్యుడికి చూపించాలి, అది నేను తేల్చేది కాదు. మోకాళ్లు రెండూ రాసుకునేవాళ్లు కూడా రండి. మడమల మధ్య ఎంత దూరం ఉందో చూడటానికి టేపు తెచ్చాను. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే సరిపోతుందని ఎవరు చెప్పారో, వాళ్లను మాత్రం వెనక వరసలో నిలబెట్టండి.

ర్యాలీ తేదీ దగ్గరపడినవాళ్లు ముందు. అమ్మాయిలకు లోపలి గదిలో ఇంకో బకెట్టు పెట్టించాను, మేడమ్ గారు చూస్తారు. తల్లిదండ్రులు ఇక్కడే ఉండండి, చెవుల్లో నూనె పోసేవాళ్లతో నాకు విడిగా పని ఉంది. మొదటి వరసలో ఎర్రచొక్కా బాబూ, నిద్రపోతున్నది నువ్వే కదా. లే నాయనా, చెప్పులు విప్పి రా.